‘ఠంగు’మన్నది ఎవరు? ఆటోమేటిక్ గేర్‌బాక్సు మీద ఓ పాత నింద

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి, అందులోనూ ఆటోమేటిక్. పొద్దున్నే స్టార్ట్ చేసి, బ్రేకు మీద కాలుంచి, పార్కులోంచి డ్రైవ్‌లోకి లాగగానే కిందనుంచి ‘ఠంగు’మని ఓ చప్పుడు. రివర్సులో వేస్తే ఇంకోటి. సిగ్నల్ దగ్గర బండి ఆగిన అర క్షణానికి, వెనకనుంచి ఎవరో సుత్తితో చిన్నగా తట్టినట్టు మరొకటి. ఎవరికి వినిపించినా వచ్చే తీర్పు ఒకటే: "గేర్‌బాక్స్ పోయింది."

ఆ తీర్పు చాలాసార్లు తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే బండి కిందకి దూరేముందు ఆ గేర్‌బాక్సు ఎక్కణ్ణుంచి వచ్చిందో కాస్త చూడాలి. ఎనభై ఏళ్ళకు పైగా ఇంజనీర్లు ఈ పెట్టె మీద పడ్డ కష్టంలో సగం ఒక్కదానికోసమే, గేరు మారేటప్పుడు వచ్చే కుదుపుని మనకి తెలియకుండా చేయడానికి. పెట్టె లోపల వాళ్ళు చాలావరకు గెలిచారు. పెట్టె బయట ఉన్న సామాను మాత్రం జీపుల కాలంనాటిదే. ఇప్పుడు మనకి వినపడుతున్నది ఎక్కువగా ఆ బయటి సామాను గొంతు.

(నేను మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ లక్షలాదిమందిలో ఒకణ్ణి. చదివింది వృథా పోలేదని నాకు నేను నిరూపించుకోవడానికి ఇలాంటివి రాస్తుంటాను. ఓపిక పట్టండి :) )

1939లో జనరల్ మోటార్స్ వాళ్ళు 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్ కార్లకి ‘హైడ్రమాటిక్’ అని ఒకటి పెట్టి అమ్మారు. పెద్ద ఎత్తున తయారైన మొదటి పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్సు అదే. దాని వెనక ఉన్న ఇంజనీరు ఎర్ల్ థామ్సన్. 1928లో కాడిలాక్‌లో వచ్చిన సింక్రోమెష్ కూడా ఈయన పుణ్యమే. అంటే, గేరు మార్చేటప్పుడు పళ్ళు గరగరమనకుండా చేసిన మనిషే, పదేళ్ళ తర్వాత అసలు మనిషి గేరు మార్చే పనే లేకుండా చేశాడు.

హైడ్రమాటిక్ లోపల రెండు ప్లానెటరీ గేర్ సెట్లు వరసగా ఉండేవి. ముందుది 1.45 నిష్పత్తి, వెనకది 2.63. ఒక్కోటి ‘తగ్గించు’ అనే స్థితిలోనైనా ఉంటుంది, ‘నేరుగా పంపు’ అనే స్థితిలోనైనా ఉంటుంది. రెండు బిట్లు అనుకోండి. రెండూ తగ్గిస్తే మొదటి గేరు (1.45ని 2.63తో గుణిస్తే 3.8). ముందుది నేరుగా, వెనకది తగ్గిస్తే రెండో గేరు, 2.63. ముందుది తగ్గించి వెనకది నేరుగా అయితే మూడో గేరు, 1.45. రెండూ నేరుగా అయితే నాలుగు. అంటే 00, 01, 10, 11. గేర్‌బాక్సు కాదది, రెండు బిట్ల కౌంటరు!

ఇప్పుడు రెండో గేరునుంచి మూడోదానికి వెళ్ళడం చూడండి. 01నుంచి 10కి. రెండు బిట్లూ ఒకేసారి తిరగబడాలి. ముందు సెట్టు ‘నేరుగా’నుంచి ‘తగ్గించు’కి, సరిగ్గా అదే క్షణంలో వెనక సెట్టు ‘తగ్గించు’నుంచి ‘నేరుగా’కి. ఇదంతా చేసేది ఆయిలు, స్ప్రింగులు, వాల్వులు. ఒకటి కాస్త ముందైతే ఇంజను ఒక్కసారి గుయ్యిమని లేస్తుంది. ఒకటి కాస్త ఆలస్యమైతే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని బండి ‘దడ్’మంటుంది. మన భాషలో రేస్ కండిషన్. ట్రాన్సిస్టర్ కూడా పుట్టని రోజుల్లో దాన్ని ఆయిల్ ప్రెషర్‌తో అదుపులో పెట్టారు చూడండి, దానికి దండం పెట్టొచ్చు.

కానీ కుదుపు పూర్తిగా పోలేదు. హైడ్రమాటిక్ బండ్లు గేరు మారినప్పుడు చెప్పి మరీ మారేవి. అది నచ్చని బ్యూయిక్ వాళ్ళు 1948లో డైనాఫ్లో అని ఇంకో దారి పట్టారు. మామూలుగా నడిపేటప్పుడు గేరు మారడమే ఉండదు, టార్క్ కన్వర్టరే అంతా చూసుకుంటుంది. ఈ టార్క్ కన్వర్టర్ ఆలోచన కార్లది కాదు, ఓడలది. 1905లో జర్మనీలో హెర్మన్ ఫోటింగర్ ఓడల టర్బైన్‌నీ ప్రొపెల్లర్‌నీ కలపడానికి కనిపెట్టాడు. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి తిప్పితే రెండోది గాలికి తిరిగినట్టు, ఇక్కడ గాలికి బదులు ఆయిలు, మధ్యలో దాని దారి మళ్ళించే మూడో చక్రం. డైనాఫ్లో వెన్నలాగా పోయేది, కాకపోతే నెమ్మదిగా, పెట్రోలు తాగుతూ. మెత్తదనానికి ధర ఎప్పుడూ ఉంటుంది. హైడ్రమాటిక్ వాళ్ళు కూడా ఊరుకోలేదు. 1956లో ఒక క్లచ్చి స్థానంలో ఆయిలు నింపి, ఖాళీ చేసే ఇంకో చిన్న కప్లింగ్ పెట్టి ఆ 01-10 గొడవని మెత్తబరిచారు.

ఈ మధ్యలో యుద్ధం వచ్చింది. 1942లో అమెరికన్ సైన్యానికి వచ్చిన ఎం5 తేలికపాటి ట్యాంకులో రెండు కాడిలాక్ ఇంజన్లు, వాటికి రెండు హైడ్రమాటిక్‌లు, వాటి రెండిటినీ కలిపే ట్రాన్స్‌ఫర్ యూనిట్ ఒకటి. బురదలో, గుట్టల్లో తిరిగే యంత్రానికి ఆటోమేటిక్ పనికొస్తుందని మొదట తేల్చింది ట్యాంకులే. అదే సైన్యం అదే యుద్ధంలో తోలిన విల్లీస్ జీపుకి మాత్రం చేత్తో మార్చే మూడు గేర్లు, దాని వెనక స్పైసర్ కంపెనీ ట్రాన్స్‌ఫర్ కేసు, ముందుకొకటి వెనక్కొకటి ప్రొపెల్లర్ షాఫ్టులు. ఈ రెండు వంశాలూ కలవడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ కథలో ఒక అగ్నిప్రమాదం ఉంది.

నేనుండేది మిషిగన్‌లో కాంటన్ అనే ఊళ్ళో. ఇక్కడ తెలుగువాళ్ళు ఎంతమందంటే, కూరగాయల కొట్లో ఇంగ్లీషు మాట్లాడితే వింతగా చూస్తారు. కాంటన్‌కి ఒక పక్కన లివోనియా, ఇంకో పక్కన ఇప్సిలాంటి. లివోనియాలో జీఎం వాళ్ళ హైడ్రమాటిక్ ఫ్యాక్టరీ ఉండేది. 1953 ఆగస్టు 12న అక్కడ టార్చితో ఇనుము కోస్తుంటే ఎగిరిన నిప్పురవ్వలు, తుప్పు పట్టకుండా వాడే ద్రవం కారిపడే పళ్ళెంలో పడ్డాయి. మంట పైకప్పుకి పాకింది. పైకప్పు నిండా తారు. లోపల అడ్డుగోడల్లేని ఒకే మహా హాలు. సాయంత్రానికి ఫ్యాక్టరీ లేదు. మనుషులు చనిపోయారు. ఫ్యాక్టరీల పైకప్పులు, అడ్డుగోడల గురించి అమెరికాలో నిబంధనలు మారడానికి ఈ ప్రమాదం ఒక కారణం.

జీఎం కార్లకే కాదు, పోటీ కంపెనీల కార్లకి కూడా గేర్‌బాక్సులు అక్కణ్ణుంచే వెళ్ళేవి. కాడిలాక్ వాళ్ళు అప్పటికప్పుడు బ్యూయిక్ డైనాఫ్లోని తెచ్చి బిగించుకున్నారు. పోంటియాక్ వాళ్ళు షెవర్లే పవర్‌గ్లైడ్‌ని అరువు తెచ్చుకున్నారు. (ప్రొడక్షన్ సర్వరు కాలిపోతే పక్క టీమ్ వాళ్ళ సర్వర్ మీద నడిపించినట్టు.) ఇంకో ఫ్యాక్టరీ కావాలి, అదీ వారాల్లో. దొరికింది ఇప్సిలాంటి పక్కనున్న విల్లో రన్. యుద్ధంలో ఫోర్డ్ వాళ్ళు బి-24 బాంబర్లు తయారుచేసిన చోటు. 1953 నాటికి అందులో ఉన్నది కైజర్ కార్ల కంపెనీ. కైజర్ సరిగ్గా ఆ ఏడే విల్లీస్‌ని, అంటే జీపుని, కొనేసి, ఒహాయోలోని టొలీడోకి మకాం మార్చే పనిలో ఉంది. ఖాళీ అవుతున్న కొంపలోకి హైడ్రమాటిక్ దిగింది.

జీపు యజమాని ఖాళీ చేసిన ఇంట్లో ఆటోమేటిక్ గేర్‌బాక్సు కాపురం పెట్టిందన్నమాట. కాకతాళీయమే, కానీ నాకెందుకో ఈ సంగతి చాలా ఇష్టం.

తర్వాత కైజర్ వాళ్ళు టొలీడోలో 1963 మోడల్‌గా జీప్ వాగనీర్ తెచ్చారు. మామూలు కుటుంబం కొనుక్కునే ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ఆటోమేటిక్ గేర్‌బాక్సు తీసుకునే వీలు దీంతో మొదలైంది. ఆ మొదటి పెట్టె బోర్గ్ వార్నర్ కంపెనీది. 1965నుంచి జీఎం వాళ్ళ టర్బో హైడ్రమాటిక్ 400 పెట్టారు. ఇంగ్లండులో రేంజ్ రోవర్ 1970లో వచ్చినా కంపెనీ తరఫున దానికి ఆటోమేటిక్ రావడానికి 1982 దాకా పట్టింది. వాగనీర్ అంత ముందున్నమాట.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. వాగనీర్‌లో ఏం జరిగిందో చూడండి. ముందు భాగం సరికొత్తది: టార్క్ కన్వర్టర్, ఆయిలుతో నడిచే క్లచ్చిలు. వెనక భాగం యుద్ధకాలపు జీపు వారసత్వం: ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు షాఫ్టులు, రెండు డిఫరెన్షియల్స్, షాఫ్టు చివర్ల క్రాస్ జాయింట్లు. మన కోడ్‌బేస్‌లలో చూస్తుంటాం కదా, కొత్త ఫ్రంటెండ్, వెనక తాతలనాటి కోడు. తప్పెక్కడున్నా ఎర్రర్ మాత్రం ఫ్రంటెండ్ మీద కనపడుతుంది.

పళ్ళచక్రాలు రెండు కలిసి తిరగాలంటే వాటి మధ్య కాస్త సందు ఉండాలి. మన మెకానిక్కులు దాన్ని ‘ప్లే’ అంటారు. కొత్త బండికీ ఉంటుంది. మామూలు కారుకన్నా ఫోర్ వీల్ డ్రైవ్‌లో జతలు ఎక్కువ, కాబట్టి మొత్తం ప్లే కూడా ఎక్కువ. ఇంకో సంగతి: వెనక ఇరుసు నిష్పత్తి 3.55 అనుకోండి. చక్రం దగ్గర 1 డిగ్రీ ప్లే ఉంటే ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర అది మూడున్నర డిగ్రీలు. మొదటి గేరు 2.8 అయితే గేర్‌బాక్సు లోపలి టర్బైన్ దగ్గర దాదాపు 10 డిగ్రీలు. ఆ 10 డిగ్రీలు ఖాళీగా తిరిగి, చివర్లో గట్టి గోడకి తగిలితే వచ్చేదే ‘ఠంగు’.

మాన్యువల్ బండిలో ఇది ఎందుకు అంతగా వినపడదంటే, అక్కడ మీ ఎడమకాలు ఉంది. క్లచ్చి నెమ్మదిగా వదులుతూ ఆ సందునంతా మనకి తెలియకుండానే మెల్లగా పూడుస్తాం. ఆటోమేటిక్ వచ్చి ఆ కాలికి పని లేకుండా చేసింది. న్యూట్రల్‌లో టర్బైన్ ఇంజనుతో పాటు తిరుగుతుంటుంది. డ్రైవ్‌లోకి లాగగానే క్లచ్చి పట్టుకుంటుంది, టర్బైన్ టక్కున ఆగుతుంది, ఆ ఊపంతా వెనకనున్న సందుల మీద పడుతుంది. ఐడిల్ స్పీడు ఎక్కువుంటే ఊపు కూడా ఎక్కువే. అందుకే చలికాలం పొద్దున, ఇంజను చల్లగా ఉండి గట్టిగా తిరిగేటప్పుడు చప్పుడు పెద్దగా వస్తుంది, మధ్యాహ్నానికి తగ్గుతుంది. చాలామంది ఇది చూసి "ఆయిలు చల్లగా ఉంటే గేర్‌బాక్సు మొరాయిస్తోంది" అంటారు. ముందు టాకోమీటర్ చూడండి.

ఆయిలు అంటే గుర్తొచ్చింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా వింతగా అనిపించేది తిమింగలం.

ఆటోమేటిక్‌లో క్లచ్చి పలకలు ఆయిల్లో మునిగి ఉంటాయి. జారుతూ జారుతూ చివరికి అతుక్కుంటాయి. చిక్కంతా ఆ చివరి క్షణంలో. జారేటప్పటికన్నా ఆగేటప్పుడు ఘర్షణ ఎక్కువైతే చివర్లో ‘గబుక్కు’మని పట్టుకుంటుంది, బండి కుదుపుతుంది. కాబట్టి ఆయిల్లో ఏదో ఒకటి కలిపి ఆ చివరి ఘర్షణ తగ్గించాలి. జీఎం 1949లో నిర్ణయించిన టైప్ ఎ ఆయిల్లో ఆ పని చేసింది స్పెర్మ్ వేల్ అనే తిమింగలం నూనె. అంటే ఒక తరం అమెరికన్ కార్లు మెత్తగా గేరు మారింది సముద్రంలో వేటాడిన జీవుల కొవ్వు పుణ్యాన! ఫోర్డ్ వాళ్ళ టైప్ ఎఫ్ ఆయిలు దీనికి వ్యతిరేకం. అలాంటి జారుడు సరుకు లేకుండా, కాస్త కుదిపినా ఫరవాలేదు గట్టిగా పట్టుకోవాలన్న ఆలోచన. ఒకే చప్పుడుకి ఇద్దరు ఇంజనీర్లు రెండు విలువలు కట్టారు.

1970లో అమెరికా ఈ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది. 1973లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. నూనె దొరకడం ఆగిపోయింది. గుట్టు తెలియని పాత లైబ్రరీని రాత్రికి రాత్రి తీసేసినట్టయింది పరిస్థితి. ఆ నూనె ఏమేం చేస్తోందో అది పోయాకగానీ అందరికీ పూర్తిగా తెలియలేదు. బదులుగా వచ్చిన మొదటి డెక్స్‌రాన్-2 ఆయిల్లో తుప్పు గొడవ బయటపడింది, ఆయిల్ చల్లార్చే కూలర్ల అతుకులు తినేసేది. మళ్ళీ సరిచేశారు. ఇప్పటి ఆయిళ్ళలో ఉన్నవి మనుషులు తయారుచేసిన రసాయనాలే. కానీ నీతి మాత్రం అదే: మందు అరిగిపోయిన పాత ఆయిలు, లేదా ఆ బండికి నప్పని ఆయిలు, పలకలు బాగున్నా కుదుపు తెప్పించగలదు. డబ్బా మీద ‘అన్ని బండ్లకీ’ అని రాసి ఉంటే నాకు కాస్త అనుమానం.

ఇదే ఘర్షణ కథ గేర్‌బాక్సు బయట కూడా ఒకసారి జరిగింది. 1973 మోడల్ జీపుల్లో క్వాడ్రా-ట్రాక్ అని వచ్చింది. నాలుగు చక్రాలూ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, మధ్యలో గొలుసుతో నడిచే ఒక డిఫరెన్షియల్, అందులో శంకువు ఆకారపు క్లచ్చిలు. వీటికి ప్రత్యేకమైన ఆయిలు కావాలి. మామూలుది పోస్తే క్లచ్చిలు అతుక్కుని వదిలి, అతుక్కుని వదిలి, మలుపుల్లో బండి మూలిగేది. దానికి ముందు తగిలించి ఉన్నది ఆటోమేటిక్ కాబట్టి యజమాని ఎవర్ని తిట్టి ఉంటాడో వేరే చెప్పాలా?

ఇక క్రాస్ జాయింట్ సంగతి. వంకరగా ఉన్న రెండు షాఫ్టుల మధ్య తిప్పుడు పంపే ఈ కొలిక్కి యూరప్‌లో కార్డానో పేరు, హుక్ పేరు ఉన్నా, కార్లలోకి పనికొచ్చేలా చేసి 1903లో పేటెంట్ తీసుకున్నది క్లారెన్స్ స్పైసర్ అనే అమెరికన్. అప్పటిదాకా చాలా కార్లు సైకిల్లాగా గొలుసుతో నడిచేవి. జీపు ట్రాన్స్‌ఫర్ కేసు మీద పేరున్న స్పైసర్ ఈయన కంపెనీయే. ప్లస్ గుర్తు ఆకారంలో ఓ ముక్క, నాలుగు కొసల్లో సూదుల్లాంటి బేరింగులు, వాటికి గ్రీజు. సీలు పాడై నీళ్ళు పోతే గ్రీజు కడుక్కుపోతుంది, సూదులు పొడైపోతాయి. టోపీల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మన దేశంలో మహీంద్రా వాళ్ళు 1947లో జీపులు బిగించడం మొదలుపెట్టారు. దశాబ్దాలపాటు మన ఊళ్ళలో తిరిగిన ఆ జీపులన్నీ చేత్తో గేరు వేసేవే. కాబట్టి మన మెకానిక్కుకి నింద వేయడానికి ఆటోమేటిక్ అనేదే లేదు. ‘ఠంగు’మంటే గోనెసంచీ పరుచుకుని కిందకి దూరి, షాఫ్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "క్రాస్ కొట్టేసింది సార్" అనేవాడు. డయాగ్నసిస్ ఐపోయింది. అమెరికాలో అదే చప్పుడుతో షాపుకెళితే ముందు గేర్‌బాక్సు ధర చెప్తారు.

చెప్పారు కూడా. మా ఆఫీసులో ఒంగోలాయన ఒకరున్నారు, అందరం అన్నా అనే పిలుస్తాం. మంచులో తిరగడానికని ఇరవై ఏళ్ళు దాటిన ఫోర్ వీల్ డ్రైవ్ ఒకటి కొన్నారు. కంపెనీ పేరు ఎందుకులెండి. ఓ రోజు లంచ్ దగ్గర, "తమ్ముడూ, గేర్‌బాక్స్ పోయిందంట. కొత్తది వేయాలంటే బండి కొన్నదానికంటే ఎక్కువ అడుగుతున్నారు. అమ్మేద్దామంటే ఈ చప్పుడుతో ఎవడు కొంటాడు?" అన్నారు. వీసా స్టాంపింగ్‌కి ఇండియా టికెట్లు అప్పుడే కొన్నారాయన. ఇద్దరు పిల్లలు, ఒక్క జీతం. ఆ డబ్బు ఆయనకి చిన్నది కాదు.

శనివారం వాళ్ళ డ్రైవ్‌వేలో చూశాం. ఎవరైనా చేయొచ్చు కాబట్టి వరస చెప్తాను. బండి సమతలంగా ఉండాలి, చక్రాలకి ముందూ వెనకా చెక్కలు పెట్టాలి, ఇంజను నడుస్తుండగా కిందకి దూరకూడదు. మొదట, ఇంజను నడుస్తుంటే బయట పక్కకి నిలబడి, లోపలున్న మనిషి బ్రేకు గట్టిగా తొక్కి పార్కు, రివర్సు, డ్రైవ్ మారుస్తుంటే వినడం. చప్పుడు ముందునుంచా, మధ్యలోంచా, వెనకనుంచా? ఇంజను ఒక పక్కకి ఎగిరిపడుతుంటే మౌంటింగ్ రబ్బర్లు చూడాలి. మాకు వెనకనుంచి వచ్చింది. తర్వాత ఇంజను ఆపి, పార్కులో ఉంచి, కిందకి దూరి వెనక షాఫ్టుని చేత్తో తిప్పడం. డిఫరెన్షియల్ వైపు క్రాస్‌లో, పైముక్క కదిలాక కాసేపటికి కింది ముక్క కదిలింది. టోపీ చుట్టూ ఆ ఎర్ర పొడి.

రెండు క్రాస్‌లూ మార్పించాం. గేర్‌బాక్సు ధరతో పోలిస్తే అది సినిమా టికెట్. డ్రైవ్‌లోకి వేసినప్పటి ‘ఠంగు’ పోయింది. అయితే ఆగినప్పటి చప్పుడు పోలేదు. అది వేరే జబ్బు. బ్రేకు వేసినప్పుడు ఇరుసు కదిలితే, షాఫ్టు పొడవు సర్దుకోవడానికి దాని కొస ఒక గాళ్ళ గొట్టంలో జారుతుంది, దాన్ని స్లిప్ యోక్ అంటారు. గ్రీజు ఎండిపోతే జారకుండా పట్టుకుని, బండి ఆగాక ఒక్కసారి వదిలేస్తుంది. అందుకే ఆగిన అర క్షణం తర్వాత చప్పుడు. ఇది ఎంత మామూలు రోగమంటే, జనరల్ మోటార్స్ తన పికప్‌లకి నికెల్ పూత వేసిన యోక్ మార్చమని తన డీలర్లకే సూచన పంపింది. కాస్త ‘ఠంగు’ సహజమే, గేర్‌బాక్సు జోలికి పోకండి అని కూడా డీలర్లకి రాసింది. అన్న బండికి గ్రీజు పెట్టాక చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆయన దాంతోనే తిరుగుతున్నారు.

ఈ పరీక్షలతో తేలకపోతే చూడాల్సినవి ఇంకొన్ని. చప్పుడు ఫోర్ వీల్‌లో వేసి గట్టిగా లాగినప్పుడే వస్తే, ట్రాన్స్‌ఫర్ కేసులో గొలుసు సాగి పళ్ళు దాటుతుందేమో. పొడి తారురోడ్డు మీద పార్ట్ టైమ్ ఫోర్ వీల్‌లో తిరిగితే ముందూ వెనకా షాఫ్టులు మెలిపడి, ఎక్కడో టైరు జారినప్పుడు ‘ఫట్’మని వదులుతాయి. అది రోగం కాదు, వాడకం తప్పు. వెనక కమాను కట్టల బుష్‌లు అరిగినా ఇరుసే కదిలి చప్పుడొస్తుంది. నిజంగా గేర్‌బాక్సుని అనుమానించాల్సింది చప్పుడు ఒక ఫలానా గేరు మార్పు దగ్గరే వస్తే, గేరు పడ్డానికి ఆలస్యమైతే, జారితే, ఆయిలు మాడువాసన వస్తే.

అప్పుడు కూడా లోపల ఏది అన్నది విడదీసి చూడొచ్చు. 1987నుంచి 2001 వరకు జీప్ చెరోకీల్లో వచ్చిన ఏడబ్ల్యూ4 గేర్‌బాక్సు దీనికి మంచి ఉదాహరణ. చేసింది జపాన్ కంపెనీ ఐసిన్-వార్నర్. ఆ ‘వార్నర్’ ఎవరో కాదు, మొదటి వాగనీర్‌కి ఆటోమేటిక్ ఇచ్చిన బోర్గ్ వార్నరే. 1969లో ఐసిన్‌తో కలిసి పెట్టిన పొత్తు కంపెనీ అది. ఏడబ్ల్యూ4లో గేరెప్పుడు మార్చాలో చెప్పేది చిన్న కంప్యూటరు. దాని కరెంటు తీసేస్తే గేర్‌బాక్సు చచ్చిపోదు, మీ చేతికే వచ్చేస్తుంది: లీవరు 1-2లో పెడితే మొదటి గేరు, 3లో మూడు, డ్రైవ్‌లో నాలుగు. అప్పుడు అంతా సాఫీగా పడితే తప్పు వైర్లలోనో సెన్సర్లలోనో ఉన్నట్టు. అప్పుడూ ‘దడ్’మంటే ఆయిలు వైపు చూడాలి. ముందుగా యాక్సిలరేటర్‌తో పాటు కదులుతూ ఆయిల్ ప్రెషర్ సరిచేసే కేబులు. దాని సర్దుబాటు తప్పితే బంగారం లాంటి గేర్‌బాక్సు కూడా తన్నుతుంది. మాడ్యూల్‌ని విడగొట్టి టెస్టు చేయడం దీనికన్నా అందంగా నేనెక్కడా చూడలేదు.

విల్లో రన్‌లో గేర్‌బాక్సుల తయారీ 2010 చివర్లో ఆగిపోయింది. కట్టడంలో చాలా భాగం కూల్చేశారు. 2017 చివర్లో ఆ స్థలంలోనే డ్రైవరు లేని కార్లని పరీక్షించే ట్రాకు తెరిచారు. ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి గేర్లు మారే గొడవే లేదు, కానీ మోటారుకీ చక్రానికీ మధ్య పళ్ళున్నంతకాలం సందు ఉంటుంది, మోటారు తిప్పుడు ఇంజనుకన్నా వేగంగా వచ్చి పడుతుంది కాబట్టి ‘ఠంగు’ ఇంకా గట్టిగా వచ్చే వీలుంది. దాన్ని ఇప్పుడు కోడుతో ఆపుతున్నారు. పెడల్ తొక్కగానే మోటారు ముందు కొంచెమే తిప్పి, పళ్ళు ఒక వైపునుంచి ఇంకో వైపుకి ఆనేదాకా ఆగి, ఆ తర్వాతే బలం పెంచుతుంది. ‘లాష్ క్రాసింగ్’ అంటారు. ఇక్కడ ఆ పని చేసే తెలుగువాళ్ళు ఇద్దరు నాకు తెలుసు. మన ఎడమకాలు చేసే పనిని సీ భాషలో రాస్తున్నారు.